స్థలం అయ్యగారి పేరున, లెక్కల పుస్తకం నా చేతిలో

బాపట్ల జిల్లా నుంచి ఒక సహోదరుడు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఊరు, పేర్లు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆయనకు 44 ఏళ్లు. రైసు మిల్లులో గుమస్తా. 1999లో తాటాకు పాకలో మొదలైన ఒక స్వతంత్ర సంఘంలో బాప్తిస్మం తీసుకున్నారు, పెళ్లి కూడా అక్కడే జరిగింది. తొమ్మిదేళ్లుగా సంఘం లెక్కల పుస్తకం రాస్తున్నారు. 2004లో కానుకలు పోగుచేసి 5 సెంట్ల స్థలం కొన్నారు. కొందరు ఆడవాళ్లు చెవి కమ్మలు తీసి ఇచ్చారట. సంఘానికి రిజిస్ట్రేషన్ లేదని దస్తావేజు పాస్టరు గారి పేరున రాయించారు. 2013లో స్లాబు వేశారు. అందులో కొంత డబ్బు అమెరికాలో ఉన్న ఒక తెలుగు కుటుంబం నుంచి నేరుగా పాస్టరు గారి సొంత ఖాతాకు వచ్చింది. మందిరం వెనక రెండు గదుల్లో అయ్యగారి (పాస్టరు గారి) కాపురం. ఇప్పుడు ఆయనకు 67. నిరుడు గుండెకు స్టెంటు వేశారు. ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లయ్యాయి. 29 ఏళ్ల కొడుకు హైదరాబాదులో ఉద్యోగం మానేసి, ఏడాది బైబిలు స్కూల్లో చదివి తిరిగొచ్చాడు. ఆగస్టులో జరిగే వార్షికోత్సవంలో అతని మీద చేతులుంచి సంఘాన్ని అప్పగిస్తానని అయ్యగారు ఆదివారం ఆరాధనలో ప్రకటించారు.

ముగ్గురు పెద్దల్లో ఒకరు ‘అభిషిక్తుణ్ణి ముట్టకూడదు’ అంటున్నారు. ఇంకొకరు ముప్పై కుటుంబాలను తీసుకుని రేకుల షెడ్డులో వేరే కూడిక పెట్టాలని చూస్తున్నారు. మూడో ఆయన ఎటూ చెప్పడం లేదు. నెలకు 38 నుంచి 45 వేల కానుకలు వస్తాయి. కానుకల సంచీ అమ్మగారు (పాస్టరు గారి భార్య) ఇంట్లో విప్పి లెక్కపెట్టి అంకె చెబితే ఈయన పుస్తకంలో రాసి సంతకం పెడతారు. సొసైటీ రిజిస్టరు చేద్దామని ఒకసారి కదిపితే ‘మా పిల్లల కుల సర్టిఫికెట్లకు చిక్కొస్తుంది’ అని సంతకానికి ఎవరూ ముందుకు రాలేదు. ‘ఇవన్నీ అడగడం పాపమా? నోరు మూసుకుని ఉండనా, బయటికి పోనా?’ అన్నది ఆయన ప్రశ్న.

సహోదరా,

మీ ఎనిమిది పేజీల్లో ఐదు కొడుకు గురించే. స్థలం గురించి నాలుగు వాక్యాలు రాశారు. నా మాట అడిగితే ఆ కొలత తిరగబడాలి. మీ సంఘంలో మూడు ప్రశ్నలు ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి. స్థలం ఎవరిది? డబ్బు ఎవరు లెక్కపెడతారు? రేపు వాక్యం ఎవరు చెబుతారు? ఆగస్టు దగ్గరపడుతోంది కాబట్టి అందరి కళ్లూ మూడోదాని మీదే ఉన్నాయి. కానీ స్థలం సంగతి, లెక్క సంగతి తేలితే కొడుకు సంగతి సగం దానంతటదే తేలుతుంది. ఆ రెండూ తేలకుండా కొడుకును ఆపితే మీరు చేసిన పనల్లా ఒక కుటుంబాన్ని అవమానించడమే అవుతుంది. స్థలం మాత్రం వాళ్ల పేరునే ఉంటుంది.

ముందు మీ భయం సంగతి. అభిషిక్తులను ముట్టవద్దన్న మాట 105వ కీర్తనలో ఉంది. పరదేశులుగా తిరుగుతున్న పితరుల జోలికి పోవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. బలహీనులను బలవంతుల నుంచి కాపాడిన మాటను లెక్క అడిగినవాడి మీదికి తిప్పడం సరికాదు. సౌలును చంపనని ఒట్టుపెట్టుకున్న దావీదే గుహ బయటికొచ్చి అందరూ వింటుండగా సౌలును నిలదీశాడు. పెద్దమీద ఫిర్యాదు వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని పౌలు తిమోతికి రాశాడు. పద్ధతి చెప్పాడంటే అడగొచ్చనే కదా. ఎజ్రా యెరూషలేముకు బయలుదేరేముందు వెండి బంగారాలను తూచి పన్నెండుమంది యాజకులకు అప్పగించాడు. అక్కడ చేరాక మళ్లీ తూచి, మొత్తం బరువు రాయించాడు. వాళ్లను దొంగలని అనుమానించి చేసిన పని కాదది. కాబట్టి మీరు అడగడం పాపం కాదు. ఎవరి దగ్గర, ఏ వరసలో, ఏ గొంతుతో అడుగుతారన్నదే చూసుకోవాలి.

స్థలం విషయానికొద్దాం. ఎవరితోనూ మాట్లాడకముందే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి 2004 నాటి దస్తావేజు సర్టిఫైడ్ నకలు, ఇప్పటివరకు ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాల వివరాలిచ్చే పత్రం) తెప్పించండి. డాక్యుమెంటు నంబరు తెలిస్తే పెద్ద పని కాదు, ఖర్చూ పెద్దగా ఉండదు. నకల్లో మూడు చూడండి. కొనుగోలుదారు పేరు పక్కన ‘ఫలానా సంఘం తరఫున’ లాంటి మాట ఉందా? డబ్బు ఎవరిచ్చారని రాసి ఉంది? స్థలం జిరాయితీ, అంటే సొంత పట్టా భూమేనా, లేక ఎవరికో ప్రభుత్వం ఇచ్చిన డీ పట్టాయా? అలా ప్రభుత్వం ఇచ్చిన (అసైన్డు) భూమి అయితే దాని అమ్మకాల మీద 1977 చట్టం నిషేధం పెట్టింది. పల్లెల్లో చాలా మందిరాలు ఇలాంటి స్థలాల్లోనే లేచాయి. అలాంటిదైతే లాయరుకు చూపించకుండా ఒక్క కాగితం కూడా రాయించకండి. ఈసీలో తనఖా ఏమైనా ఉంటే అదీ తెలుస్తుంది. గుండె ఆపరేషన్‌కు అప్పు తెచ్చారేమో అన్న మీ అనుమానానికి జవాబు అక్కడే దొరుకుతుంది, మనుషులను అడగనక్కర్లేదు.

స్థలం ఆయన సొంత పేరునే ఉండి, వీలునామా లేకుండా ఆయన కన్నుమూస్తే ఏమవుతుందో మీ పెద్దల్లో ఎవరికీ తెలిసినట్టు లేదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా పోతాయి. అంటే మందిరంలో అమ్మగారికి తొమ్మిదింట మూడు వాటాలు, కొడుక్కి రెండు, పెళ్లయి వెళ్లిన ఒక్కో కూతురికీ రెండేసి. కొడుక్కి అప్పగించడమంటే మందిరం కొడుక్కి రావడమని అందరూ అనుకుంటున్నారు. నిజానికి అతనికి దక్కేది తొమ్మిదింట రెండే. కూతుళ్లలో ఒకరు అప్పులపాలైతే ఆ వాటా వేలానికి రావచ్చు. ఇంకో చిక్కు ఉంది. అయ్యగారు ప్రభుత్వ కాగితాల్లో హిందువుగా ఉంటే హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందనే వాదన వస్తుంది. అప్పుడు భార్యకూ ముగ్గురు పిల్లలకూ తలా నాలుగో వంతు. ఏ చట్టం వర్తిస్తుందో తేలడానికే ఏళ్లు పడతాయి. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయేది ఆ కొడుకే. ఈ మాట అతనికి మర్యాదగా చెప్పగలిగితే, మీరు శత్రువనుకుంటున్నవాడే మీ వైపు మొదటి మనిషి కావచ్చు.

దారులు నాలుగున్నాయి.

అన్నిటికన్నా తేలికైంది వీలునామా. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఒకప్పుడు క్రైస్తవుడు మత, ధర్మ కార్యాలకు ఆస్తి రాయాలంటే చనిపోవడానికి ఏడాది ముందే రాసి, ఆరు నెలల్లో డిపాజిట్ చేయాలన్న షరతు ఉండేది. సుప్రీంకోర్టు 2003లో దాన్ని కొట్టేసింది. కానీ వీలునామాను రాసినాయన ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పోయాక బయటపడితే ‘మత్తులో ఉండగా వేలిముద్ర వేయించారు’ అనే గొడవ మామూలే. పైగా రిజిస్ట్రేషనే లేని సంఘానికి రాస్తే తీసుకునేదెవరు అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

రెండోది రిజిస్టరయిన సొసైటీకి దానపత్రం. దీనికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఇద్దరు సాక్షులుండాలి, ఆయన బతికుండగానే సంఘం స్వీకరించాలి. స్టాంపు డ్యూటీలో కుటుంబ సభ్యులకు రాసేటప్పటి రాయితీ సంఘానికి దొరకదు. ముందే లెక్క వేయించుకుని ఆ డబ్బు పోగుచేసుకోండి. దానపత్రంలోనే అయ్యగారికీ అమ్మగారికీ ఆ రెండు గదుల్లో జీవితకాల నివాస హక్కు రాయవచ్చు. లేదా 5 సెంట్లలో గదులున్న సెంటున్నర వాళ్లకే ఉంచి మూడున్నర సంఘానికి రాయించుకోవచ్చు. ఇలా విడగొట్టడానికైతే ఆయన త్వరగా ఒప్పుకుంటారు. కానీ మందిరం గోడ పక్కన ఆ కుటుంబం శాశ్వతంగా ఉంటుంది. రేపు వేరే పాస్టరు వస్తే కరెంటు మీటరు దగ్గర్నుంచి గేటు తాళం దాకా పేచీలే. జీవితకాల హక్కే మేలని నాకనిపిస్తుంది.

మూడోది, ఈ స్థలం సంఘం కోసమే తన పేరున ఉందని ఆయనే ట్రస్టు డీడు రాసి రిజిస్టరు చేయడం. మొదటి ట్రస్టీ ఆయనే కాబట్టి గౌరవానికి లోటుండదు. ఇందులో చదవాల్సింది ఒక్క క్లాజు: ట్రస్టీ పోతే తర్వాతి ట్రస్టీని ఎవరు నియమిస్తారు? ‘నా తదనంతరం నా కుమారుడు, అతని తదనంతరం అతడు నియమించినవారు’ అని ఉంటే మీరు ఖర్చుపెట్టి కుటుంబ ఆస్తిని ఇంకాస్త గట్టిగా కట్టిచ్చినట్టే. డాక్యుమెంటు రైటర్ల దగ్గర ఉండే నమూనాల్లో ఈ వాక్యం చాలా మామూలుగా కనిపిస్తుంది. అడిగి మార్పించాలి.

నాలుగోది, ఏదైనా పెద్ద సంఘంలో కలిసిపోవడం. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) లాంటి చోట ఆస్తి పాస్టరు పేరున ఉండదు. పాస్టర్లకు బదిలీలుంటాయి, కొడుకు వారసుడు కావడం అనే మాటే ఉండదు. కానీ మీ పాస్టరును మీరు ఎంచుకునే స్వేచ్ఛ పోతుంది. పెద్ద సంఘాల్లో ఆస్తుల తగాదాలు, ఎన్నికల కేసులు మీకు తెలియనివి కావు. అసలు మీ లాంటి స్వతంత్ర సంఘాలు చాలావరకు అటువైపు విసిగిపోయి పుట్టినవే. 19వ శతాబ్దంలో హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ అనే మిషన్ నాయకులు స్థానిక సంఘం తనంతట తాను వ్యాపించాలి, తనను తాను పోషించుకోవాలి, తనను తాను పాలించుకోవాలి అన్నారు. గుంటూరు, ఒంగోలు, నరసాపురం ప్రాంతాల్లో పనిచేసిన మిషన్లు అక్కడికి రావడానికి చాలా దశాబ్దాలు పట్టింది. లూథరన్లు గుంటూరుకు వచ్చింది 1842లో, ఆంధ్ర ఎవాంజలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది 1927లో. మీ సంఘం మొదటి రెండూ పాతికేళ్లలో సాధించింది. దొర డబ్బు లేకుండానే పాకనుంచి స్లాబుకొచ్చింది. మూడోది ఇంకా మొదలే కాలేదు. పెద్దలున్నారు గానీ పాలన అయ్యగారి మనసులో ఉంది.

ఏ దారి పట్టినా ముందు సొసైటీ గానీ ట్రస్టు గానీ కావాలి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మెమోరాండం, నియమావళి దాఖలు చేయాలి, ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇస్తూ ఉండాలి. చెడేది ఎక్కడంటే ఆ ఏడుగురిలో అయ్యగారు, అమ్మగారు, కొడుకు, అల్లుడు కలిపి నలుగురుంటారు. రెండేళ్ల తర్వాత ఎవరూ జాబితా వేయరు, సొసైటీ కాగితానికే మిగిలిపోతుంది. నియమావళిలో కనీసం ఇవి రాయించండి: ఒక కుటుంబం నుంచి కార్యవర్గంలో ఒక్కరే ఉండాలి. స్థలం అమ్మాలన్నా తనఖా పెట్టాలన్నా సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల ఓటు కావాలి. చెక్కు మీద బంధుత్వం లేని ఇద్దరి సంతకాలుండాలి. సొసైటీ రద్దయితే ఆస్తి ఏ కుటుంబానికీ కాక ఇలాంటి ఆశయమున్న మరో సంస్థకే పోవాలి. బాప్తిస్మం తీసుకున్న స్త్రీలందరికీ ఓటు ఉండాలి. కమ్మలిచ్చింది వాళ్లయితే ముగ్గురు పెద్దలూ మగవాళ్లే ఎలా అయ్యారో మీ ఉత్తరం చెప్పలేదు.

సర్టిఫికెట్ల భయం అబద్ధపు భయం కాదు. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఆ హోదా. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని, వాళ్ల సంతానాన్ని బీసీ-సిలో చేర్చారు. ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ దొరకదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది. చర్చి సొసైటీ కార్యవర్గంలో పేరు ఉండటం రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించే కాగితం అవుతుంది. కాబట్టి వెనక్కి తగ్గినవాళ్లను విశ్వాసం లేనివాళ్లని అనకండి, బలవంతపెట్టకండి. బీసీ-సి సర్టిఫికెట్టు ఉన్నవాళ్లు, ఆ సర్టిఫికెట్టుతో పనే లేనివాళ్లు కలిసి ఏడుగురు దొరికితే చాలు. దొరకకపోతే తక్కువమందితో నడిచే ట్రస్టు దారి ఉంది. ‘సాంస్కృతిక సంఘం’ అని ఏదో పేరు పెట్టి అసలు పని దాచే సలహా ఎవరో ఒకరు ఇస్తారు, అది మాత్రం వినకండి. ఆశయాల్లో ఆరాధన అన్న మాటే లేని సొసైటీకి మందిరం రాస్తే రేపు ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది.

ఇక డబ్బు. ఇక్కడ నాకు అయ్యగారి కన్నా మీ గురించే బెంగ. మీరు చూడని నోట్లకు తొమ్మిదేళ్లుగా సంతకం పెడుతున్నారు. రేపు తేడా వస్తే పుస్తకంలో ఉన్నది మీ చేతిరాత. ఈ ఒక్క విషయంలో మాత్రం దారులు చెప్పను: లెక్కపెట్టని మొత్తానికి సంతకం పెట్టడం వచ్చే ఆదివారం నుంచే ఆపండి. అమ్మగారి మీద నింద వేయనక్కర్లేదు. ‘అమ్మగారూ, మీ మీద ఎవరూ మాట పడేయకుండా ఉండాలంటే ఇక్కడే లెక్కపెడదాం’ అంటే చాలు. కానుకల డబ్బు మోసేటప్పుడు ఎవరూ తప్పు పట్టకూడదని పౌలు సంఘాలు ఎన్నుకున్న సహోదరులను వెంట పంపించుకున్నాడు. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం చూపించండి.

పద్ధతి ఇలా పెట్టుకోండి. ఆశీర్వచనం అయిన వెంటనే, సంచీ మందిరం దాటకముందే, బల్ల మీద ముగ్గురు లెక్కపెట్టాలి. ముగ్గురూ మూడు ఇళ్లవాళ్లు కావాలి, ఒకరు స్త్రీ అయి ఉండాలి, ఒకరు నెలనెలా మారాలి. పేజీల నంబర్లున్న పుస్తకంలో 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని, 100 ఎన్ని అని విడివిడిగా రాయాలి. దశమభాగం కవర్లు, కృతజ్ఞతార్పణలు, మామూలు కానుక వేర్వేరు వరుసల్లో ఉండాలి. కొట్టివేతలుంటే ముగ్గురూ పక్కన పొడి సంతకం పెట్టాలి. పిడికెడు బియ్యం సంచీలు తెచ్చేవాళ్లుంటే ఆ బియ్యం తూకం, అమ్మిన ధర కూడా రాయండి, ఊళ్లలో ఎవరి లెక్కలోనూ పడనిది అదే. సోమవారం బ్యాంకులో వేయాలి, ఖర్చులు బ్యాంకు నుంచే తీయాలి. వచ్చిన కానుకలోంచే నేరుగా కరెంటు బిల్లు కట్టేస్తే నెలాఖరుకు ఏ అంకె దేనితోనూ కలవదు. నెల మొదటి ఆదివారం రాబడి, ఖర్చు ఒక్క కాగితం మీద గోడకు అంటించండి.

మీ ఉత్తరంలో లేని మాట ఒకటి అడగాలి. కానుకల కోసం గోడకు క్యూఆర్ కోడ్ అంటించారా? అంటిస్తే అది ఎవరి ఫోను నంబరుకు కలిపి ఉంది? సంచీ మీద ఇంత చర్చ జరుగుతుండగా యువకుల కానుకలు చాలావరకు ఫోనులోంచి పాస్టరు గారి సొంత ఖాతాకు పోతున్న సంఘాలు ఎన్నో. ఆదాయపు పన్ను వాళ్ల కళ్లకు అది ఆయన సొంత ఆదాయమే. సొసైటీ పేరున పాన్, ఖాతా రాగానే ఆ కోడు మార్చండి. అప్పటిదాకా నెలాఖరున ఆయన ఫోనులోంచి ఆ జాబితా తీయించి పుస్తకంలో చేర్చండి.

అమెరికా డబ్బు సంగతి జాగ్రత్తగా వినండి. పంపిన కుటుంబం భారత పాస్‌పోర్టుతోనే ఉండి, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపి ఉంటే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, తెలుగువాళ్లే అయినా, ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే) కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. అప్పుడు 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మీకు పంచిపెట్టడం కూడా నిషేధం. మీ స్థాయి పల్లె సంఘానికి ఈ రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. కాబట్టి ఆ తలుపు మూసేసి, ఆ కుటుంబానికి కృతజ్ఞతతో ఒక ఉత్తరం రాయడమే మంచిది. 2013 నాటి డబ్బు గురించి చార్టర్డ్ అకౌంటెంటును అడగండి. ఇప్పుడు కూర్చుని పాత తేదీలతో రసీదులు మాత్రం రాయకండి, అప్పుడు కేసు మీ మీదికొస్తుంది. విడిపోదామంటున్న పెద్ద దీన్ని ఆయుధంగా వాడదామన్నారని రాశారు. ఆ ఫిర్యాదు ఢిల్లీ చేరితే ఇరుక్కునేది అయ్యగారొక్కరే కాదు, ఆ డబ్బుతో వేసిన స్లాబూ, లెక్క రాసిన మీరూ విచారణలో ఉంటారు.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించని ప్రశ్న. అయ్యగారు దిగిపోతే ఎలా బతకాలి? నెలకు 18 వేలు తీసుకుంటారని రాశారు. పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు, సొంతిల్లు లేదు, గుండెలో స్టెంటు ఉంది. రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకిచ్చే నెలకు 5,000 గౌరవవేతనం వచ్చినా అది పరిచర్యలో ఉన్నంతకాలం మాటే. సంఘం ఆయన ముసలితనానికి ఒక్క రూపాయి పక్కన పెట్టలేదు. ఆ 5 సెంట్ల కాగితం ఒక్కటే ఆయన చేతిలో ఉన్న భరోసా, కొడుకు ఆ కుర్చీలో ఉండటం ఇంకో భరోసా. మీరు దురాశ అనుకుంటున్నది చాలావరకు భయం కావచ్చు. భయానికి ఏర్పాటు చూపించకుండా కాగితం వదలమంటే ఎవరూ వదలరు. నేనైనా వదలను.

అందుకే దానపత్రం అడగడానికి వెళ్లేటప్పుడు మీ చేతిలో సంఘం తీర్మానం ముసాయిదా ఒకటి ఉండాలి. ఇద్దరికీ జీవితాంతం ఆ గదులు. పరిచర్య నుంచి తప్పుకున్నాక నెలకు 10 వేలు, ఆయన తర్వాత అమ్మగారికి 7 వేలు. మందులకు వేరేగా ఒక నిధి. నెలకు 40 వేలు వచ్చే సంఘానికి కొత్త పాస్టరు జీతం, ఈ 10 వేలు కలిపి బరువే. లెక్క వేసి చూడండి: 120 కుటుంబాలు నెలకు వంద రూపాయలు అదనంగా వేస్తే 12 వేలు. అది ‘అయ్యగారి నిధి’ అని పేరు చెప్పి అడిగితే మీ ఊళ్లో ఇవ్వనివాళ్లు తక్కువమందే ఉంటారు. మాటిచ్చి ఆర్నెల్లకు ఆపేస్తారేమోనని ఆయన అనుమానిస్తే అది న్యాయమైన అనుమానమే. ఏడాది మొత్తాన్ని ముందుగా బ్యాంకులో వేసి చూపించండి.

కొడుకు విషయం చివరికి పెట్టింది కావాలనే. పాస్టరు కొడుకు కావడం అనర్హత కాదు, అర్హతా కాదు. అహరోను యాజకత్వం కొడుకులకే వెళ్లింది. మోషే తర్వాత మాత్రం కొడుకు కాదు, యెహోషువ వచ్చాడు. సమూయేలు కొడుకులను న్యాయాధిపతులుగా పెట్టి చూశాడు, వాళ్లు లంచాలు తిన్నారు. వాక్యం రెండు వైపులా దొరుకుతుంది కాబట్టి వాక్యాలు విసురుకోవడం ఆపి మనిషిని చూడండి. మీ ఉత్తరంలో అతని వాక్యం ఎలా ఉంటుంది, ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్తాడా, ఎస్సీ పేటలో చావింటికి రాత్రి కూర్చుంటాడా అన్నది ఒక్క ముక్క లేదు. ఉద్యోగం మానేసి వచ్చాడన్నదాన్నే తప్పుగా రాశారు. నెలకు జీతమొచ్చే పని వదిలి 18 వేల పరిచర్యకు రావడం అంత తేలికేం కాదు.

ఏడాది చదువుతో నేరుగా పెద్ద కుర్చీ ఎక్కించడం అతనికే మంచిది కాదు. కొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుడిగా పెట్టవద్దని తిమోతి పత్రికలో ఉంది కూడా. ఆగస్టు కార్యక్రమాన్ని రద్దు చేయమనకండి, అయ్యగారు నలుగురిలో తలెత్తుకోలేరు. ఆ రోజు చేతులుంచండి, కానీ ‘సహాయ సేవకుడు’ అని. తర్వాత రెండేళ్లు వేరే జిల్లాలో ఇంకో పాస్టరు కింద పనిచేసి రావాలి, డబ్బు వ్యవహారం ముట్టుకోకూడదు. ఆ పైన సర్వసభ్య సమావేశంలో రహస్య ఓటు పెట్టి, మూడేళ్ల కాలానికి తీసుకోవాలి. చేతులెత్తే ఓటు వద్దు. తండ్రి ఎదురుగా కూర్చుంటే ఎవరి చెయ్యి కిందికి ఉంటుంది? రెండేళ్లలో అయ్యగారి ఆరోగ్యం దెబ్బతింటే మధ్యలో బల్ల ఆరాధన (రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన) ఎవరు నడపాలో కూడా ముందే అనుకోండి. బ్రదరన్ సంఘాల్లోలా పెద్దలు వంతులవారీగా వాక్యం చెప్పే అలవాటు ఇప్పుడే మొదలుపెడితే ఆ ఖాళీ పెద్దగా తెలియదు. కొడుకు ఈ షరతులకు ఒప్పుకుంటే అతను మీకు కావాల్సిన మనిషే కావచ్చు. ఒప్పుకోకపోతే ఆ సంగతి మీరు ప్రచారం చేయనక్కర్లేదు, సంఘమే చూస్తుంది.

విడిపోయే దారి సంగతి. ముప్పై కుటుంబాలు వెళ్లిపోతే ఇక్కడ నెలకు పది వేల దాకా తగ్గుతుంది, అయ్యగారి నిధి ఊసే ఉండదు, భయం ఇంకా పెరుగుతుంది, కాగితం ఇంకా గట్టిగా పట్టుకుంటారు. అక్కడ రేకుల షెడ్డు స్థలం ఎవరి పేరున కొంటారో ఆ పెద్దను ఈరోజే అడగండి. ‘ప్రస్తుతానికి నా పేరున’ అంటే పాతికేళ్ల తర్వాత ఇంకో గుమస్తా ఇదే ఉత్తరం రాస్తాడు. కోర్టు దారి కూడా ఉంది. ప్రజా ధార్మిక ఆస్తి విషయంలో సంబంధమున్న ఇద్దరు, కోర్టు అనుమతితో, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. ఏళ్లు పడుతుంది, రెండు వైపులా లాయర్లకు పోయేది కానుకల డబ్బే. కుటుంబం స్థలాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు తప్ప అటు వెళ్లవద్దని నా అభిప్రాయం. అయితే 2004 నాటి కానుకల పుస్తకం, రసీదులు ఎక్కడున్నాయో చూసి ఫోటోలు తీసి దాచండి. కమ్మలిచ్చిన అక్కల్లో పెద్దవయసువాళ్లు ఉంటే వాళ్ల మాటలు తేదీ వేసి రాయించి సంతకం తీసుకోండి. అది దావా కోసమే అక్కర్లేదు, దానపత్రంలో ‘సంఘం కానుకలతో కొన్న స్థలం’ అని రాయించడానికీ పనికొస్తుంది.

అయ్యగారి దగ్గరికి ఎలా వెళ్లాలన్నది మిగిలింది. ఆదివారం వద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు, ముగ్గురు పెద్దలూ కలిసి పంచాయితీలా వెళ్లడం వద్దు. మీరూ మీ ఆవిడా ఒక సాయంత్రం వెళ్లండి. మీ ఆవిడకు అమ్మగారితో చనువుందని రాశారు, ఇల్లు పోదని ముందు వినాల్సింది ఆవిడే. మొదటి రోజు కొడుకు ప్రస్తావన తేకండి, తీర్మానం ముసాయిదా, వారసత్వం లెక్క ఆ రెండే చూపించి వచ్చేయండి. వారం పది రోజులు ఆయన ఆలోచించుకోనివ్వండి. కోపం వస్తే రానివ్వండి. 67 ఏళ్ల మనిషి, పాకలో మొదలుపెట్టినాయన, మొదటి రోజే సరే అంటే నాకు అనుమానమొస్తుంది. రెండోసారి ఎటూ చెప్పని ఆ మూడో పెద్దను వెంట తీసుకెళ్లండి. రెండుసార్లూ కాదంటే అప్పుడు తీర్మానాన్ని సంఘం ముందు పెట్టండి, అదీ ఆయన ఎదురుగానే.

సర్టిఫైడ్ నకలు చేతికొచ్చాక అందులో సంఘం పేరుందో లేదో, స్థలం జిరాయితీయో కాదో రాయండి. సంఘం తరఫున అని ఒక్క మాట ఉన్నా పైన చెప్పిన దారుల వరస మారుతుంది. అప్పుడు దానపత్రం స్టాంపు డ్యూటీ ఖర్చు తప్పించుకునే వీలుందేమో లాయరును అడగాల్సి ఉంటుంది.